సున్నం బజారుకు రావలసిన నీడ

ఫిబ్రవరి 3

పొద్దున్నే మునిసిపాలిటీ మనిషి వచ్చి ఈ పలక ఇచ్చిపోయాడు. రోజూ రాయనక్కర్లేదట. బజారులో చెప్పుకోదగ్గది ఏదైనా జరిగినప్పుడు రాస్తే చాలట. దీని మీద నేను రాసింది రాసినట్టు, వెనకున్న తీగ గుండా ఆఫీసుకు చేరుతుంది. "అందంగా రాయాలని చూడకండి, మీ కష్టం మీ మాటల్లోనే ఉండాలి," అన్నాడు. అందంగా రాయడం నాకెటూ రాదు.

నా పేరు ఏస్తేరు. పాత సున్నం బజారులో తడిచొక్కాలు బాగుచేస్తాను. చొక్కా లోపల నీళ్ళు పట్టి ఒంటిని చల్లగా ఉంచే జిగురు సంచులు ఎండకు పగిలిపోతే కోసి తీసి, కొత్తవి పెట్టి కుట్టాలి. తడిచొక్కా లేకుండా ఈ ఊళ్ళో పగటిపూట ఎవరూ గడప దాటరు కాబట్టి నాకు చేతినిండా పని ఉండాలి. కానీ చొక్కా వేసుకుని కూడా మా బజారుదాకా నడిచేవాళ్ళు తగ్గిపోయారు. బైపాస్ పక్కన చలువ మేడలు లేచాక, స్తోమత ఉన్నవాళ్ళంతా అటు చేరారు. సరుకుల తూనీగలు రెక్కలు గిరగిరా తిప్పుకుంటూ మా నెత్తిమీదుగా పోయి వాళ్ళ కిటికీల్లో సంచులు దించుతాయి. మేం తలెత్తి చూస్తూ ఉంటాం.

ఇవాళ నా కొట్టుకి ఒక్క చొక్కా వచ్చింది. అదీ పక్క కొట్టు బాజీది.

ఫిబ్రవరి 9

ఇవాళ లీల వచ్చింది. ఆఫీసు కారు బజారు మొదట్లోనే ఆపి, లోపలికి నడిచి వచ్చింది. మునిసిపల్ చైర్‌పర్సన్ అయ్యాక కూడా అలా నడవడం చూసి అందరికీ ముచ్చటేసింది. బాజీ సోడా కొట్టు ముందు, తాటాకు పందిరి కింద బల్ల మీద కూర్చుని, "ముందు నాకో నిమ్మసోడా కొట్టు బాజీ. తర్వాతే మీటింగు," అంది.

పద్మలీల ఈ బజారు పిల్లే. నా ఎదురుకొట్టులో వడియాలు, చల్లమిరపకాయలు అమ్మే సుబ్బాయమ్మ పిన్ని కూతురు. ఇద్దరం ఒకే బల్ల మీద చదువుకున్నాం. ఆమె ఎన్నికల్లో నిలబడినప్పుడు నేను కొట్టు మూసేసి గడపగడపకీ తిరిగాను.

"మన బజారుకి మళ్ళా ప్రాణం పోద్దాం," అంది లీల. "ఈ రాళ్ళు పెరికించి వేడెక్కని పలకలు పరిపిస్తా. కాలవలు బాగుచేయిస్తా. మనుషులు కూర్చోటానికి అరుగులు కట్టిస్తా. అన్నిటికన్నా ముఖ్యం..." అని వేలు పైకి చూపించింది. "గొడుగు తెస్తా."

ఆకాశ గొడుగుని మేమంతా తెర మీద చూసినవాళ్ళమే. మబ్బులకన్నా పైన నిలబడే పలచటి గుడ్డ అది. నేల మీద పాతిన కంబం ఎక్కడుంటే అక్కడికి వచ్చి నిలబడి, ఒక బజారు మొత్తానికి నీడ పడుతుంది. దాని కింద చెప్పుల్లేకుండా నడవొచ్చంటారు. రాష్ట్రం మొత్తం మీద కొన్నే ఉన్నాయి. ఎండకు చచ్చిపోతున్న బజారు ఏదో ఒకదానికి ఈ ఏడు కొత్తది ఇస్తారట.

"మనకెందుకిస్తారమ్మా? మనకన్నా పెద్ద ఊళ్ళు లేవా?" అన్నాడు బాజీ.

"మన బాధ వాళ్ళకి తెలవాలి గదా. అందుకే ఏస్తేరు చేత రాయిస్తన్నా."

"గొడుగొస్తే నా వడియాలెట్టా ఎండుతయ్యే?" అంది సుబ్బాయమ్మ పిన్ని. అందరం పకపకా నవ్వాం. బజారులో అంతమంది ఒకేసారి నవ్వగా విని ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 24

లీల నన్ను ఆఫీసుకి పిలిపించింది. ఒక చిక్కు వచ్చిపడిందట. గొడుగు ఎవరికివ్వాలో తేల్చడానికి సర్వే యంత్రం ఆకాశంలోంచి బజార్లని చూస్తుంది. నేల ఎక్కడ ఎక్కువ కాలుతుంటే అక్కడికే గొడుగు. మా బజారులో ప్రతి కొట్టుకీ రేకో పరదానో పందిరో ఉంది. వాటివల్ల నేల కాస్త చల్లగా ఉంటుంది కనక మా బాధ వాళ్ళకి తక్కువగా కనిపిస్తుందట.

"అవన్నీ తీసెయ్యాలే," అంది.

"ఎండాకాలం మొహాన పెట్టుకునా?"

"సర్వే అయిపోయిందాకానే. ఆనక గొడుగొచ్చిద్ది, ఇంక అవెందుకు? నేను చెప్తే రాజకీయమంటారు. నువ్వు చెప్తే ఇంటారు."

ఆలోచించుకుని చెబుతానని అందామనుకున్నాను. చిన్నప్పుడు నా పరీక్ష రుసుముకి తన చెవి కమ్మలు తీసి ఇచ్చిన మనిషి. ఆమె ముందు ఆలోచించుకుంటానని అనడానికి నోరు రాలేదు. సరేనన్నాను.

మార్చి 5

కొట్టు కొట్టుకీ తిరిగాను. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. పరదాల కొట్టాయన మాత్రం సగం రోజు తిప్పించుకున్నాడు. సుబ్బాయమ్మ పిన్ని అయితే నేను నోరు తెరవకముందే నిచ్చెన వేయించింది. "నా కూతురు పెట్టిన పని. నేనే ముందు చెయ్యబళ్ళా?" అంది.

బాజీ చాలాసేపు పందిరి గుంజని నిమురుతూ నిలబడ్డాడు. అది వాళ్ళ నాన్న వేసిన పందిరి. ఏడాదికోసారి పైన ఆకు మారుస్తాడు గాని గుంజలు మాత్రం అప్పటివే.

"ఇది నువ్వు చెప్తన్నావా అక్కా, లీలమ్మ చెప్తందా?"

"నేనే చెప్తన్నా."

"అయితే సరే," అని తాడు కోశాడు.

దించినవి వీధిలో పడి ఉంటే సర్వేకి అడ్డమని మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చి అన్నీ ఎత్తుకుపోయింది. గోడౌనులో భద్రంగా పెడతారట. ట్రాక్టరు వెళ్ళాక బజారు వైపు చూస్తే గుండు గీయించుకున్న తలలా ఉంది. ఎండ నేరుగా కొట్ల లోపలికి వచ్చి కూర్చుంది.

మార్చి 19

సర్వే యంత్రం వచ్చి వెళ్ళిపోయిందన్నారు. మాకేమీ కనపడలేదు. మా రేకులు వెనక్కి ఇవ్వండని అడగడానికి వెళితే, గొడుగు సంగతి తేలేదాకా ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నారు.

కొట్టులో పగలు కూర్చోలేకపోతున్నాను. సూది పట్టుకుంటే చురుక్కుమంటోంది. బాజీ సీసాలన్నీ తడిగోనెలో చుట్టి లోపలి గదిలో పెట్టుకున్నాడు. అయినా ఒకటి రెండు ఠప్పున పేలాయి. పొద్దు వాలాక కాసేపు తెరుస్తున్నాం గాని, అప్పటికి వడగాలి రేగుతుంది. కొనేవాళ్ళు రావడం లేదు.

ఏప్రిల్ 3

సుబ్బాయమ్మ పిన్ని పడిపోయింది.

మిట్టమధ్యాహ్నం మిరపకాయలు తిరగెయ్యడానికి బయటికి వచ్చింది. ఇదివరకు రేకు నీడలో నిలబడి కర్రతో తిరగేసేది. ఇప్పుడు ఆ రేకు లేదు. చేట కింద పడిన చప్పుడు విని నేను తలెత్తేసరికి ఆమె రాళ్ళ మీద పడి ఉంది. చెంప రాయికి ఆనుకుని ఉంది. నేనూ బాజీ పరిగెత్తి ఎత్తబోయాం. చెంప చర్మం రాయికి అంటుకుపోయి తేలిగ్గా ఊడి రాలేదు. బాజీ కొట్టులో ఉన్న సోడాలన్నీ ఒక్కొక్కటే కొట్టి ఆమె మీద గుమ్మరించాడు. నేను నా ఒంటిమీది తడిచొక్కా విప్పి ఆమెకు చుట్టాను. కళ్ళు తెరిచింది కానీ నన్ను గుర్తుపట్టలేదు. "లీలా, మిరక్కాయలు మాడిపోతన్నయ్," అంది నాతో.

లీల వచ్చింది. ఆ కాలే రాళ్ళ మీదే చతికిలబడి తల్లి తలని ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకొన్నాళ్ళేనమ్మా. నీడొచ్చేస్తంది. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో," అంటూ ఏడ్చింది. ఆ కన్నీళ్ళు పిన్ని మొహాన పడి పడినచోటే ఆరిపోయాయి. తర్వాత బండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఇది ఆఫీసులో చదివేవాళ్ళు ఎవరైనా సరే, మీకు తల్లులున్నారు. మా బజారుకి త్వరగా ఏదో ఒకటి చెయ్యండి.

ఏప్రిల్ 21

గొడుగు మంజూరైంది! లీల రాజధాని నుంచే ఫోన్ చేసింది. పిన్ని పడిపోయిన రోజు నేను రాసిందంతా అక్కడ సభలో చదివి వినిపించిందట. "నీ రాతే గెలిపించిందే ఏస్తేరూ," అంది.

ఎగిరి గంతేశాను. ఈ వయసులో గంతేశానని రాయడానికి సిగ్గుగానే ఉంది. బాజీ ఉన్న సోడాలన్నీ ఊరికే పంచిపెట్టాడు. పిన్ని ఆసుపత్రి నుంచి నేరుగా లీల ఇంటికి, చలువ మేడకి వెళ్ళింది. కోలుకుంటోంది.

"కంబం ఎప్పుడు పాతుతారే? ఇంకా గుంటైనా తియ్యలేదు," అని లీలని అడిగాను.

"అన్నీ అయితయ్యి," అంది. అటువైపు ఎవరో పిలిచినట్టున్నారు, పెట్టేసింది.

మే 6

గొడుగు వచ్చింది.

కంబం పాతలేదన్న దిగులు ఉన్నా, కొత్తరకం గొడుగుకి అక్కర్లేదేమోనని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. పొద్దున్నుంచీ అందరం వీధిలోనే ఉన్నాం. ఆడవాళ్ళు రాళ్ళు కడిగి ముగ్గులు పెట్టారు. ముగ్గులోని తడి చూస్తుండగానే ఆరిపోయింది. ముందు కొండ మీద నీడ కనపడింది. తర్వాత పత్తి మిల్లు మీద. నీడ అంచు నేల మీద నడిచి వస్తుంటే పిల్లలు కేకలు పెట్టారు. అది బజారు మొదట్లోకి వచ్చింది. బాజీ చెప్పులు విప్పేసి ఎదురెళ్ళాడు.

నీడ మా మీదికి వచ్చింది. అలాంటి చల్లదనం నా జన్మలో ఎరగను. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. పరదాల కొట్టాయన భార్య కూర్చుండిపోయి రాయి మీద అరచెయ్యి ఆనించింది.

నీడ ఆగలేదు. మా కాళ్ళ మీదుగా, గోడల మీదుగా జరిగి, బజారు చివర సున్నపు బట్టీ దాటి వెళ్ళిపోయింది. ఎండ మళ్ళీ మొహాన కొట్టింది. కాసేపు ఎవరూ కదల్లేదు. వెనక్కి వస్తుందనుకున్నాం. బాజీ ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతూ చెప్పుల కోసం పరిగెత్తాడు.

బైపాస్ వైపు నుంచి బాణసంచా చప్పుడు వినిపించింది. గొడుగు అక్కడ, చలువ మేడల ముందరి కొత్త మైదానం మీద నిలబడి ఉంది.

మే 7

లీల ఆఫీసులో కూర్చున్నాను. ఆమె తలుపు వేయించి, తనే మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. నేను తాగలేదు.

"గొడుగుని పైన నిలబెట్టటానికి ఏటా ఖర్చయిద్ది ఏస్తేరూ. మునిసిపాలిటీకి అంత లేదు. మేడలు కట్టిన కంపెనీవాళ్ళు పెట్టుకుంటామన్నారు, వాళ్ళ మైదానంలో కంబం పాతితే. ఖర్చెవరిదో చూపించకపోతే అది వేరే ఊరికి పొయ్యేది. ఊరికి రావటం ముఖ్యం గాదా?"

"ఊరి పేరు చెప్పి అడిగావా, సున్నం బజారు పేరు చెప్పి అడిగావా?"

ఆమె బల్ల మీది కాయితాలు సర్దింది.

"కంపెనీవాళ్ళకి ఎప్పుడు ఒప్పుకున్నావు?"

"అదంతా ఇప్పుడెందుకే..."

"పిన్ని పడిపొయ్యిన రోజుకి నీకు తెలుసా?"

బల్ల మీద గ్లాసుని అటూ ఇటూ తిప్పింది. "తెలుసు," అంది చివరికి. "కానీ ఆ ఏడుపు నిజమే ఏస్తేరూ. ఒట్టు."

"నిజమేనని నాకూ తెలుసు. అదే నాకు మింగుడు పడటంలా."

మా రేకులూ పరదాలూ వెనక్కి ఇవ్వమన్నాను. ఆమె కిటికీ వైపు చూసింది. మైదానంలో కొత్త కొట్లకి వాడేశారట. మిగిలినవి పాడైపోయాయని పారేశారట.

"నీకూ బాజీకీ అక్కడ ముందు వరసలో కొట్టు ఇప్పిస్తా. మాటిస్తన్నా."

"మిగతావాళ్ళకో?"

"అందరికీ ఎక్కణ్ణించి తేనే?"

లేచి వచ్చేశాను. మెట్లు గబగబా దిగాను. కోపం వల్ల అనుకున్నాను. నిజానికి నాకు ఏడుపు వస్తోంది. చిన్నప్పుడు ఎవరేమన్నా నేను ఏడ్చింది ఆమె దగ్గరే. ఇప్పుడు ఆ ఏడుపు ఎక్కడికి తీసుకుపోవాలో తెలియలేదు.

మే 8

ఇకమీదట నేను రాసేది ఆఫీసుకు చేరకుండా పలక వెనకున్న తీగ పీకేశాను.

బజారువాళ్ళని పిలిచి, లీల అన్నదంతా దాచకుండా చెప్పాను. నాకు కొట్టు ఇస్తానన్న సంగతి కూడా చెప్పాను. తిట్టేవాళ్ళు లీలని తిట్టారు. కొందరు అప్పుడే లేచి, ఆ కొట్లు ఎవరిని అడిగితే ఇస్తారో కనుక్కోవడానికి మైదానం వైపు నడిచారు. బాజీ మాత్రం నన్నే చూస్తున్నాడు.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలవదు బాజీ."

"మరి నీకు చోటిస్తాననింది?"

"అనింది. నేనొద్దన్నా."

"ఎట్టా నమ్మేది? ఆ రోజు నిన్ను అడిగా. లీలమ్మ చెప్తందా, నువ్వు చెప్తన్నావా అని అడిగా. నువ్వేమన్నావు?"

నేను తల దించుకున్నాను. అతను కొట్టులోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకున్నాడు.

మే 14

పిన్నిని చూడటానికి చలువ మేడకి వెళ్ళాను. లీల లేని వేళ చూసుకునే వెళ్ళాను. లోపల గాలి చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది. పిన్ని కిటికీ పక్కన కూర్చుని ఉంది. చెంప మీద కాలిన మచ్చ నల్లగా కట్టింది. కిటికీలోంచి చూస్తే గొడుగు నీడలో మైదానమంతా మనుషులే. ఒక కొట్టుకి వేసిన పచ్చ రేకుని నేను గుర్తుపట్టాను. పిన్ని కొట్టు మీదిదే. ఆమెకి చెప్పలేదు. ఆమె చూడకుండా ఉంటుందా?

"అంతా ఇన్నానే," అంది. "అది నా కూతురు. నన్నేమనమంటావు?"

"ఏమీ అనొద్దు పిన్నీ."

"బజారుకొస్తే మళ్ళా పడిపోతా. ఇక్కడుంటే దాని మొహం చూడాల." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "పొద్దున్నే కాఫీ ఇచ్చిద్ది. మందులిచ్చిద్ది. కాళ్ళు పట్టిద్ది. మాట్లాడమంటది. దాంతో మాత్రం మాట్లాడలేకపోతన్నా."

వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని తన కొట్టు తాళంచెవి అందులో పెట్టింది. "తీసి పెట్టుకో. ఎవరికన్నా పనికొస్తే వాడుకోనీ," అంది.

మే 20

బజారులో సగం కొట్లు మూతపడ్డాయి. మైదానంలో చోటు దొరికినవాళ్ళు అటు పోయారు. దొరకనివాళ్ళలో కొందరు ఊరే వదిలి పోయారు. పరదాల కొట్టాయన వెళ్ళేటప్పుడు నా కొట్టు ముందు నుంచే వెళ్ళాడు గాని తల తిప్పలేదు.

నా దగ్గర ఎవరూ తీసుకుపోని తడిచొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని విప్పి, జిగురు తీసేసి, ఉతికి, గుడ్డకి గుడ్డ జతచేసి పెద్ద పరదా కుట్టాను. ఎండని వెనక్కి కొట్టే గుడ్డ కాబట్టి కింద చల్లగానే ఉంటుంది. కుట్టినన్ని రోజులూ ఒకటే అనుకున్నాను: ముందు బాజీ కొట్టుకి కట్టాలి. అతని నీడ తీయించింది నేనే.

భుజాన వేసుకుని వెళ్ళాను. అతను సీసాలు కడుగుతున్నాడు. నా వైపు చూసి, పరదా వైపు చూశాడు.

"నీ చేతిది నాకొద్దక్కా," అన్నాడు మెల్లగా.

అరిస్తే బాగుండేది. వెనక్కి తెచ్చేసుకున్నాను.

మే 23

పరదాని నా కొట్టుకీ కట్టుకోబుద్ధి కాలేదు. పిన్ని కొట్టు తాళం తీసి లోపలి నిచ్చెన తెచ్చుకున్నాను. ఒక అంచు నా కిటికీ ఊచలకి, ఇంకో అంచు ఎదురుగా పిన్ని కొట్టు కొక్కేలకి బిగించాను. నీడ ఎవరి కొట్టు మీదా లేదు, నడిచే దారి మీద పడింది. నాలుగు మంచాలు వేసుకునేంత చోటు. కట్టిన గంటకే దాని కిందికి ఒక కుక్క వచ్చి పడుకుంది.

మే 29

మధ్యాహ్నం ఒక ఆడమనిషి నెత్తిన మూటతో బజారులోకి వచ్చింది. ఈ ఊరి మనిషి కాదు. తడిచొక్కా పాతది, ఎండిపోయి ఒంటికి వేలాడుతోంది. బస్టాండుకి దారి ఇదేనా అని అడగబోయి, పరదా కిందికి రాగానే ఆ మాటే మర్చిపోయినట్టు ఆగింది. మూట దించింది. కుక్క పక్కకి జరిగి చోటిచ్చింది.

నేను చొక్కా ఇమ్మని చెయ్యి చాచాను. ఆమె విప్పి ఇచ్చింది. సంచులు మార్చి కుడుతూ ఉంటే, పక్క కొట్టు తలుపు తెరిచిన చప్పుడైంది. బాజీ ఒక చేత్తో స్టూలు, ఇంకో చేత్తో సోడా పట్టుకుని వచ్చాడు. స్టూలు నీడలో వేసి ఆమెని కూర్చోమన్నాడు. సోడా కొట్టి ఇచ్చాడు. ఆమె గటగటా తాగి, ఇంకోటి అడిగింది. మళ్ళీ తెచ్చాడు. నాతో మాట్లాడలేదు.

ఆమె తడి నింపిన చొక్కా వేసుకుని, దారి కనుక్కుని వెళ్ళిపోయింది. బాజీ ఖాళీ సీసాలు తీసుకుని, వెళ్ళబోయి నిలబడ్డాడు. పైకి చూశాడు.

"ఆ మూల తాడు వదులైంది. గాలొస్తే లేచిపోద్ది."

"నిచ్చెన ఊగి సరిగ్గా బిగియలేదు బాజీ."

సీసాలు కింద పెట్టాడు. స్టూలు ఆ మూలకి జరిపి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎక్కు," అన్నాడు.

నేను ఎక్కి ముడి బిగించాను. అతను తలెత్తి నన్ను చూడలేదు. స్టూలు మాత్రం నేను దిగేదాకా కదలకుండా పట్టుకున్నాడు.